రాజీ పడినంత మాత్రాన ఆరోపణ అబద్ధమవుతుందా?

ప్రశ్న: మా దగ్గరి బంధువుల అమ్మాయి కాలిఫోర్నియాలో పుట్టి పెరిగింది. చిన్నతనంలో అక్కడి ఒక మత సంస్థకు చెందిన బోధకుడు తనపై లైంగిక దాడి చేశాడని, అంతకుముందే అతనిపై ఫిర్యాదు వచ్చినా పెద్దలు అతణ్ని కొనసాగించారని ఆ సంస్థ మీద సివిల్ దావా వేసింది. విచారణ వారం రోజుల్లో మొదలవుతుందనగా పరిహారం తీసుకుని రాజీకి ఒప్పుకుంది. ఈ సంగతి మా ఊరికి చేరగానే కొందరు ‘డబ్బు కోసమే వేసిందన్నమాట’ అంటున్నారు. ఆమె పక్షాన మాట్లాడేవాళ్లు సైతం ‘గెలిచే కేసును ఎందుకు వదులుకుంది’ అని నొచ్చుకుంటున్నారు. ఇక్కడున్న ఆమె అమ్మమ్మకు ఏమి చెప్పాలో మాకు తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: గెలిచే కేసులని అందరూ అనుకున్నవి అమెరికాలో ఎలా ముగిశాయో చూస్తే ఆ అమ్మాయి నిర్ణయం మీకు సగం అర్థమవుతుంది. 2012లో కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీ జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం), యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖ సంస్థపై దావా వేసిన ఒక యువతికి అనుకూలంగా 2 కోట్ల 80 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆ మొత్తాన్ని మొదట విచారణ జరిపిన న్యాయమూర్తే తగ్గించారు. 2015లో అప్పీలు కోర్టు, దండనగా విధించిన భాగాన్ని పూర్తిగా కొట్టివేసింది. చివరకు సంస్థ మీద నిలిచినది దాదాపు 28 లక్షల డాలర్లు. మోంటానా రాష్ట్రంలో అదే సంస్థపై 2018లో జ్యూరీ 3 కోట్ల 50 లక్షల డాలర్ల తీర్పు ఇవ్వగా, మతాచారం ప్రకారం గోప్యంగా ఉంచవలసిన సమాచారాన్ని ప్రభుత్వానికి తెలియజేసే బాధ్యత నుంచి చట్టమే మినహాయింపు ఇస్తోందంటూ 2020 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని రద్దు చేసింది. జ్యూరీ బాధితురాలి మాట నమ్మిన తరువాత కూడా జరిగినది ఇది.

మన డెల్టాలో ఈ సంగతి ఎవరికీ కొత్త కాకూడదు. కొబ్బరితోట గట్టు మీద తాత వేసిన దావా నరసాపురంలోనో అమలాపురంలోనో మొదలై, అప్పీళ్ల మీదుగా మనవడి చేతికి వచ్చిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న మాట ఆ అనుభవంలోంచే వచ్చి ఉంటుంది. గట్టు తగాదాను లోక్ అదాలత్‌లో సర్దుబాటు చేసుకున్నవాణ్ని తెలివైనవాడని మెచ్చుకునే మనమే, ఈ అమ్మాయి అదే పని చేస్తే శంకిస్తున్నాం.

అయితే గట్టు తగాదాలో వాది తన శరీరం గురించి చెప్పవలసిన అవసరం లేదు. ఇక్కడ ఉంది. అమెరికాలో విచారణకు ముందే ప్రతివాది తరఫు న్యాయవాదులు వాదిని ప్రమాణం చేయించి, వీడియో తీస్తూ, గంటల తరబడి ప్రశ్నించే పద్ధతి ఉంది. మానసిక వేదనకు పరిహారం కోరినందున ఆ వేదనకు వేరే కారణాలు ఉన్నాయని చూపించడం వారి పని. అందుకోసం బడిలో వచ్చిన మార్కులు, వాడిన మందులు, కౌన్సెలింగ్‌లో చెప్పుకున్న మాటలు, దాంపత్యంలోని గొడవలు అన్నీ బయటికి తీస్తారు. ఆమె ఇప్పటికే ఆ ఘట్టం దాటి ఉంటుంది. అదే విషయాన్ని తిరిగి బహిరంగ కోర్టులో, జ్యూరీ ఎదుట, తనకు హాని జరుగుతున్నప్పుడు మౌనంగా ఉన్న పెద్దల సమక్షంలో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం. ఊరి గౌరవం కోసమో, సాటి బాధితుల కోసమో ఆమె చివరిదాకా పోరాడి ఉండవలసిందని అనడం మనకు తేలికే.

మరి సంస్థ ఎందుకు చెల్లించింది? దావా అబద్ధమైతే, అంత మంది న్యాయవాదులను పెట్టుకోగలిగిన సంస్థ విచారణ దాకా నిలబడి నిరూపించుకోవచ్చు కదా. నిజానికి ఇలాంటి సంస్థలకు తీర్పు కన్నా తమ దస్త్రాలంటేనే ఎక్కువ భయం. ఎవరిపై ఎప్పుడు ఫిర్యాదు వచ్చింది, అతణ్ని ఏ ఊరికి మార్చారు అన్నది వాటిలో ఉంటుంది. శాన్ డియాగోలో ఒక దావాలో కోర్టు అడిగిన పత్రాలు ఇవ్వనందుకు యెహోవాసాక్షుల సంస్థకు రోజుకు 4,000 డాలర్ల చొప్పున జరిమానా పడింది. 2017లో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. ఆ దావా కూడా చివరికి రాజీతోనే ముగిసింది. లాస్ ఏంజెలిస్ కేథలిక్ అతిమేత్రాసనం (ఆర్చ్‌బిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) 2007లో 508 మందికి 66 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది, మొదటి విచారణ ప్రారంభం కావడానికి ముందు వచ్చిన శని ఆదివారాల్లోనే. ఆ ఒప్పందంలో మతగురువులకు సంబంధించిన దస్త్రాలను బయటపెట్టాలన్న షరతు ఉంది. కోర్టులో ఇంకా కొన్నేళ్లు పోరాడిన తరువాత 2013లో అవి ప్రజల ముందుకు వచ్చాయి. కాబట్టి రాజీ అంటే ప్రతిసారీ నోరు మూసుకోవడం కాదు. కాలిఫోర్నియాలోనైతే బాలలపై జరిగిన లైంగిక నేరానికి సంబంధించిన వాస్తవాలను దాచిపెట్టే షరతును రాజీ పత్రంలో చేర్చడానికి 2017 నుంచి చట్టం ఒప్పుకోదు. ఆమె ఇష్టపడితే జరిగినది చెప్పుకోవచ్చు.

దివాలా భయం మరొకటి. న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌విల్ సెంటర్ మేత్రాసనం (బిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) 2020లో దివాలా రక్షణ కోరడంతో దానిపై ఉన్న దావాలన్నీ ఆగిపోయాయి. సుమారు 600 మందికి 32 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరేసరికి 2024 వచ్చింది. వృద్ధులైన బాధితులకు ఆ నాలుగేళ్లు చిన్న కాలం కాదు.

‘డబ్బు కోసమే’ అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. నేరం చేశాడని ఎవరినీ జైలుకు పంపే అధికారం సివిల్ కోర్టుకు లేదు; అక్కడ అడగగలిగినది పరిహారమే. పైగా అక్కడి న్యాయవాదులు సాధారణంగా వచ్చిన మొత్తంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి తీసుకుంటారు (ఫలితంలో వాటా తీసుకోవడం మన బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం కనుక మనవాళ్లకు ఈ సంగతి తట్టదు). చికిత్స ఖర్చులు కూడా మిగిలినదానిలోంచే పెట్టుకోవాలి. అమ్మమ్మగారికి చెప్పవలసినదల్లా, ఆమె మనుమరాలు ఓడిపోలేదని, ఏమీ అమ్ముకోలేదని, తను ఎంతవరకు భరించగలదో తనే నిర్ణయించుకుందని.

ప్రశ్న: మా ఊరి పక్కన ఒక మత సంస్థ నడిపే వసతిగృహంలో పదమూడేళ్ల పాప విషయంలో ఇలాంటిదే జరిగింది. పెద్దమనుషులు కూర్చుని, డబ్బు ఇప్పించి, కేసు పెట్టబోమని తండ్రి చేత స్టాంపు కాగితం మీద సంతకం చేయించారు. అమెరికాలో రాజీ చెల్లినప్పుడు ఇక్కడ చెల్లదా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: చెల్లదు. పైన చెప్పినది పరిహారం కోసం ఎదిగిన మనిషి తన పేరున వేసుకున్న సివిల్ దావా. మీరు చెప్పినది పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే చట్టం), 2012 కిందికి వచ్చే నేరం. దానిని ప్రభుత్వం విచారిస్తుంది. మాఫీ చేసే హక్కు తండ్రికి గానీ పెద్దమనుషులకు గానీ లేదు. ఇరుపక్షాలు రాజీ పడ్డాయన్న కారణంతో ఇలాంటి కేసును కొట్టివేయడం తగదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం సంగతి తెలిసినవారు పోలీసులకు తెలపాలని చట్టంలోని 19వ సెక్షన్ ఆదేశిస్తోంది. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. అంటే మధ్యవర్తిత్వం నెరపిన పెద్దలు కూడా తమ స్థితి గురించి ఆలోచించుకోవాలి.

కేసు పెడితే పాపకు సాయం అందదన్న భయం అక్కరలేదు. ప్రత్యేక న్యాయస్థానం తీర్పు కోసం ఆగకుండా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. పాప పేరు, చిరునామా పత్రికల్లో రాకుండా చట్టం కాపాడుతుంది. బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా ఏ పోలీసు స్టేషన్‌కైనా వెళ్లండి. కేసు పెట్టబోమని రాయించుకున్న కాగితం భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 23వ సెక్షన్ ప్రకారం చెల్లనిదే అయినా, దానిని చించివేయకుండా ఫిర్యాదుతో పాటు పోలీసులకు ఇవ్వండి. ఎవరెవరికి ఈ విషయం ముందే తెలుసో అందులోని సంతకాలే చెబుతాయి.