ముందు ఆ ఏటి వార్తాపత్రిక తెరువు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. భయానక చిత్రాల్లో సమాజపు భయాలను ఎలా పట్టుకోవాలని అడిగావు. నలభై ఏళ్లుగా ఫిల్మ్ సొసైటీలో సినిమాలు చూస్తూ, చూపిస్తూ ఉన్నవాణ్ణి కనుక నాకు తెలిసిన దారి చెబుతాను. ముందే దయ్యం వైపు చూడకు. ఆ రోజుల్లో టికెట్టు కొన్నవాళ్లు పొద్దున పత్రికలో ఏం చదివి హాలుకు వచ్చారో తెలుసుకో.

1954 నవంబరులో జపాన్‌లో విడుదలైన ‘గాడ్జిల్లా’తో మొదలుపెట్టు. బాంబు పరీక్షల వల్ల సముద్రంలోంచి లేచి టోక్యో మీద పడే రాక్షస మృగం కథ అది. దాన్ని పిల్లల సినిమా అనేవాళ్ల మాట వినకు. ఆ ఏడాది మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దూరంగా వేటలో ఉన్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటరు సెప్టెంబరులో చనిపోయాడు. విషం సోకిన ట్యూనా చేపలను పారేయవలసి వచ్చింది. భయం వంటింటి దాకా వచ్చేసింది. ఇప్పుడు సినిమా మొదలు చూడు: సముద్రం మీద పడవ, హఠాత్తుగా కళ్లు చెదిరే వెలుగు, మంటలు. హాల్లో ఉన్నవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మృగం లేని సన్నివేశాలు ఇంకా ముఖ్యం. రైల్లో మామూలు ప్రయాణికులు మాట్లాడుకుంటారు. చేపల్లో విషం, వానలో విషం, దాని మీద ఇప్పుడు ఇదొకటి అని విసుక్కుంటారు. నాగసాకి నుంచి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డానని ఒకామె అంటుంది. ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ దగ్గర రేడియేషన్ కొలిచే పరికరం పెడతారు. ఆ సన్నివేశం ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ మీద సాగిన అమెరికా ఆక్రమణ ముగిసింది 1952లో. ఆ కాలంలో అణుబాంబు గురించి రాయడం మీద ఏళ్ల తరబడి ఆంక్షలుండేవి. పత్రికల్లో అణిగిన మాట తెర మీద బల్లి రూపంలో లేచి నిలబడింది.

కోసేసిన భాగాలు కూడా వెతుకు. 1956లో అమెరికాలో ఈ సినిమాను ఒక అమెరికన్ విలేఖరి పాత్ర కలిపి విడుదల చేశారు. నాగసాకి మాట వచ్చే ఆ రైలు సంభాషణ అందులో లేదు. పరీక్షలు ఆపకపోతే ఇలాంటిది మళ్లీ రావచ్చన్న ముసలి శాస్త్రవేత్త హెచ్చరికతో అసలు చిత్రం ముగుస్తుంది. అమెరికా ప్రతి మాత్రం, లోకం ఊపిరి పీల్చుకుందన్న ధోరణిలో ముగుస్తుంది. ఎవరు ఏ మాట వినడానికి సిద్ధంగా లేరో ఈ తేడాయే చెబుతుంది.

మన దయ్యాల సినిమాలకూ ఇదే పద్ధతి. అక్కడ ఆత్మ చాలాసార్లు అన్యాయంగా చంపబడిన స్త్రీది. ఆమె ఎలా పగ తీర్చుకుందన్నది తర్వాత. బతికి ఉండగా ఆమె మాట ఇంట్లో ఎవరూ ఎందుకు వినలేదో ముందు రాసుకో.

ఒక్క జాగ్రత్త. ప్రతి నీడకూ అర్థం అంటగట్టకు. సన్నివేశమో సంభాషణో తేదీయో చూపించలేని ఊహను వ్యాసంలోకి రానీయకు. కొన్ని సినిమాలు కేవలం ఉలిక్కిపడేలా చేయడానికే తీస్తారు. వాటిని వదిలేయి.

జపాన్ ప్రతి, అమెరికా ప్రతి రెండూ ఒకే వారంలో చూడు. మాయమైన సన్నివేశాలను ఒక కాగితం మీద రాసి సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. రైలు సన్నివేశం ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న