‘చదివావా?’ అని అడక్కుండా ఆర్నెల్లు

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. స్కూలు చదువులో ఇదే చివరి సంవత్సరం, ఫైనల్ పరీక్షలకు ఇంకా ఆరు నెలలుంది. సాయంత్రం ఇంటికొచ్చింది మొదలు రాత్రి పన్నెండు దాకా పుస్తకాల ముందే ఉంటుంది. తెల్లవారి నాలుగున్నరకు నేనే లేపుతాను. అయినా మొన్న లెక్కల పరీక్షలో వందకు 58 వచ్చాయి. ఆ రోజు పొద్దున వాంతి కూడా చేసుకుంది. నేను వేసిచ్చిన టైంటేబుల్ మూడు రోజులైనా నిలవలేదు. ఫోన్ తీసేసుకుంటే రెండు రోజులు మాట్లాడలేదు. ‘చదివావా?’ అంటే చాలు, తలుపేసుకుంటుంది. నేను గట్టిగా లేకపోతే ఏడాది పాడవుతుందని నా భయం. మా ఆవిడేమో పిల్లను నేనే బెదరగొడుతున్నానంటుంది. మా ఇద్దరిలో తప్పెవరిది?

జవాబు: తప్పెవరిదో తర్వాత చూద్దాం, ముందు నిద్ర లెక్క చూడండి. పన్నెండు నుంచి నాలుగున్నర దాకా అంటే నాలుగున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు నిద్ర నిపుణులు చెప్పేది రోజుకు 8 నుంచి 10 గంటలు. మీ అమ్మాయి సగం నిద్రతో నెట్టుకొస్తోంది. పగలు చదివింది బుర్రలో కుదురుకోవడానికి నిద్ర కావాలి. ఆ నిద్ర కోసి చదివించే గంటలు చిల్లుకుండలో నీళ్లే. లెక్కల్లో ప్లస్సులూ మైనస్సులూ తారుమారవడం, చదివిన పేజీనే మళ్లీ తిప్పడం, చిన్న మాటకే తలుపేసుకోవడం... ఇందులో నిద్రలేమి పాలెంతో, భయం పాలెంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నిద్ర సరిపడా పట్టాకే మిగతాది బయటపడుతుంది.

కాబట్టి నాలుగున్నర అలారం రేపటి నుంచే ఆపేయండి. తెల్లవారుజామున చదివితే బాగా ఎక్కుతుందనే మాట ముందురాత్రి పెందలాడే పడుకున్నవాళ్లకు వర్తిస్తుంది. ఈ వయసు పిల్లలకు అది చేతకాదు కూడా. నిద్రమత్తు తెచ్చే మెలటోనిన్ వాళ్లలో చిన్నపిల్లల్లో కంటే, పెద్దల్లో కంటే ఆలస్యంగా మొదలవుతుంది. పదకొండు దాటితే గాని కునుకు పట్టకపోవడం, పొద్దున ఎంత లేపినా లేవలేకపోవడం బద్ధకం లెక్కలోకి రావు. ఆరున్నరకు లేవాలంటే పదిన్నరకు లైటు ఆర్పాలి. ఒక్కసారిగా మార్చబోతే మంచం మీద దొర్లుతూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి, మూడు వారాల్లో పదిన్నరకు వస్తారు. సెలవు రోజున గంట ఆలస్యంగా లేచినా పరవాలేదు, మధ్యాహ్నం దాకా పడుకుంటే మాత్రం ఒంట్లోని నిద్ర గడియారం మళ్లీ మొదటికొస్తుంది. మేలుకోవడానికి కాఫీ తాగుతుంటే మధ్యాహ్నం మూడు తర్వాత వద్దనండి. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, అయిదింటి కాఫీలో సగం రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

‘మరి పోయిన చదువు గంటల మాటేమిటి?’ అంటారు. ఆ గంటల్లో ఏం జరుగుతోందో ఒకసారి గమనించండి. ఇలాంటి పిల్లల టెక్స్ట్‌బుక్ తీసి చూస్తే పేజీ నిండా పసుపుపచ్చ హైలైటర్ ఉంటుంది. చదివారు, గీశారు, మళ్లీ చదివారు. రెండోసారి చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, కానీ అది పేజీని గుర్తుపట్టడమే. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు, తెల్లకాగితం మీదికి గుర్తుతెచ్చుకోవాలి. ఆ పని ఇంట్లో ఒక్కసారీ చేసి ఉండరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత అడిగితే మాత్రం రాసినవాళ్లే ఎక్కువ చెప్పగలిగారు.

మీ అమ్మాయి చేయాల్సింది ఇంతే. పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి. పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపుకోవాలి. మర్నాడు, మూడు రోజుల తర్వాత, వారం తర్వాత మళ్లీ ఖాళీ కాగితం. మొదటిసారి కాగితం సగం ఎర్రగా ఉంటుంది, చూస్తే గుండె జారుతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే వదిలేసి మళ్లీ హైలైటర్ పట్టుకుంటారు. ఆ ఎరుపు చూసి మీరు మాత్రం ముఖం మాడ్చకండి. ఆ ఎరుపే ఆ పూట చదువు. లెక్కలకూ ఇదే పద్ధతి: చేసిన లెక్క చూసి తలూపడం కాకుండా, జవాబు మూసి మొదటి నుంచి చేయాలి. ఒకే రకం ఇరవై లెక్కలు వరసగా చేసే బదులు మూడు పాఠాలవి కలిపి చేస్తే, ఏ పద్ధతి ఎక్కడ వాడాలో పోల్చుకోవడం అలవాటవుతుంది.

ఇక ఆ 58. మీ ఇంట్లో దాని మీద గొడవ జరిగి ఉంటుంది, ఆ పేపరు తీసి మళ్లీ చూసినవాళ్లు మాత్రం ఉండరు. పోయిన 42 మార్కుల్ని ఆమె చేతనే నాలుగు కుప్పలు చేయించండి: అసలు రానివి, వచ్చి కూడా తప్పు చేసినవి, ప్రశ్న సరిగా చదవనివి, టైము చాలక వదిలేసినవి. ఉదాహరణకు రానివి 14, చేతి తప్పులు 11, ప్రశ్న చదవక పోయినవి 5, టైము చాలనివి 12 అనుకుందాం. అంటే కొత్తగా ఒక్క పాఠం నేర్వకుండానే 28 మార్కులు చేతికందే దూరంలో ఉన్నాయి. ఒక్కో కుప్పకు ఒక్కో మందు. రానిదానికి టీచరు సాయం, చేతి తప్పులకు నిద్ర, లెక్క అయ్యాక అర నిమిషం సరిచూసే అలవాటు, చదవనిదానికి ప్రశ్నలో అడిగిన మాట కింద గీత, టైముకు గడియారం పెట్టుకుని పాత పేపర్లు. ‘ఇంకా బాగా చదవాలి’ అన్న మాట ఈ నాలుగింటిలో దేనికీ పనిచేయదు, గమనించారా?

టైంటేబుల్ మూడు రోజుల్లో ఎందుకు కూలిందో చెప్పడం తేలిక. అది మీరు వేశారు, పైగా అందులో ఊపిరి పీల్చుకునే సందు ఉండి ఉండదు. మంగళవారం తలనొప్పితో ఒక గంట జారితే బుధవారం రెండు గంటల బాకీ, గురువారానికి చార్టు చూడాలంటేనే చిరాకు. ఈసారి పెన్ను ఆమె చేతికివ్వండి. పరీక్షల తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఆరు నెలలంటే 26 వారాలు. చివరి నాలుగు వారాలు పాత పేపర్లకే, కొత్త పాఠం ముట్టుకోకూడదు. మిగిలినవి 22. అన్ని సబ్జెక్టుల్లో కలిపి 60 పాఠాలుంటే వారానికి మూడు లోపే. కొండలా కనబడ్డది అంకెల్లోకి దిగేసరికి పిల్లల భుజాలు కాస్త దిగుతాయి. స్కూలున్న రోజు సాయంత్రం 40 నిమిషాల విడతలు నాలుగు చాలు, మధ్యలో పది నిమిషాలు లేచి తిరగాలి. అన్నిటికంటే కష్టమైనది మొదటి విడతలో. ‘ఫిజిక్స్ చదవాలి’ అని రాసుకుంటే అది ఎప్పటికీ పూర్తికాదు. ‘కాంతి పాఠంలో 8 లెక్కలు, పుస్తకం చూడకుండా’ అని రాసుకుంటే పూర్తయిందో లేదో ఆమెకే తెలుస్తుంది. వారంలో ఒక పూట పూర్తిగా ఖాళీగా ఉంచాలి, జారినవన్నీ అక్కడ సర్దుకోవడానికి. ఏమీ జారకపోతే ఆ పూట ఆమెదే, మీరు అందులోకి ఇంకో సబ్జెక్టు దూర్చకండి.

ఫోన్ లాక్కోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. స్నేహితులతో మాటలు, డౌట్లు, స్కూలు మెసేజీలు అన్నీ అందులోనే, అందుకే అది పెద్ద శిక్షలా తగులుతుంది. ఆ 40 నిమిషాలు ఫోన్ వేరే గదిలో, విరామంలో చేతిలో. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే చార్జింగ్‌కి. అందరివీ అంటే మీదీ. అలారం కోసం ఫోన్ కావాలంటుంది, నిజమే, ఒక గడియారం కొనండి.

‘చదివావా?’ అనే ప్రశ్నకు పిల్లల దగ్గర రెండే జవాబులుంటాయి, ఒకటి అబద్ధం, ఒకటి తగాదా. దాన్ని ఈ ఆరు నెలలూ పక్కన పెట్టండి. బదులుగా వారానికోసారి, సెలవు రోజున, ఆమె చెప్పిన వేళకు ఇరవై నిమిషాలు కూర్చోండి. ‘ఈ వారం కొరుకుడు పడనిదేమిటమ్మా?’, ‘దానికి ఎవరి సాయం కావాలి?’, ‘వచ్చే వారం నేను చేయాల్సిందేమైనా ఉందా?’ ఈ మూడు చాలు. మిగతా ఆరు రోజులూ చదువు ఊసెత్తకండి. భోజనాల దగ్గర అయితే అసలే వద్దు. మొదటి రెండు వారాలు మీకే నాలుక దురద పెడుతుంది. మీరు పక్కనుండే చేయగలిగిన పని ఒకటుంది: ఆమె రాసుకున్న ప్రశ్నల కార్డులు పట్టుకుని ఒక్కొక్కటే చదవండి, ఆమె జవాబు చెబుతుంది. మీకు సబ్జెక్టు రానక్కర్లేదు. వచ్చినా నేర్పబోకండి, అయిదో నిమిషానికి అది మళ్లీ విచారణ అయిపోతుంది. పెద్దనాన్న గారి అమ్మాయి మార్కులు, ఇన్ని మార్కులొస్తే కొనిస్తానన్న వస్తువు, ఈ రెండూ మాటల్లోంచి తీసేయండి.

వాంతి సంగతి తేలిగ్గా తీసుకోకండి, అలాగని కంగారూ పడకండి. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పొంగి కడుపు కదలిక మారిపోతుంది. అది నటన కాదు. ‘టెన్షన్ పడకు’ అంటే టెన్షన్ పడుతున్నందుకు ఇంకో టెన్షన్ తోడవుతుంది. ‘ఇలా అనిపించడం మామూలే, కాసేపట్లో తగ్గుతుంది’ అనండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, రోజూ అయిదు నిమిషాలు ఇప్పటి నుంచే సాధన చేయాలి. పరీక్ష రోజు మొదటిసారి చేస్తే పనిచేయదు. రెండు వారాలకోసారి అసలు పరీక్ష వేళకే, అంతే సమయం పెట్టి, ఇంట్లో పూర్తి పేపరు రాయించండి. మీ పని గడియారం చూడటం, తలుపు తట్టేవాళ్లను ఆపడం. ఇంకొకటి: 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించింది, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న పిల్లల్లో, ఎక్కువ భయపడే స్వభావం ఉన్నవాళ్లు మెరుగ్గా రాశారు. ఆ కాగితం మీరు చదవకూడదు, ఆమె చించేసుకోవచ్చు.

వాంతులు మళ్లీ మళ్లీ అవుతుంటే డాక్టరుకు చూపించండి, అన్నిటినీ పరీక్షల ఖాతాలో వేయకూడదు. రెండు వారాలకు పైగా దిగులుగా ఉండటం, తిండీ నిద్రా మారిపోవడం, స్నేహితుల్ని వదిలేయడం, ఒంటిమీద కోసుకున్న గుర్తులు కనిపిస్తే పరీక్షలయ్యాక చూద్దామనుకోకండి, వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాట ఒక్కసారి వినబడినా సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?’ అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో మందులవీ అందకుండా తీసేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పరీక్షల రోజుల్లో చేయాల్సింది తక్కువే. ముందురాత్రి హాల్ టికెట్, రెండు పెన్నులు, వాచీ సంచిలో పెట్టించి మామూలు వేళకే పడుకోనివ్వండి. ఆఖరి రాత్రి చదివే కొత్త పాఠం, వచ్చినవాటిని కూడా చెడగొడుతుంది. రాసి రాగానే పేపరు ముందేసుకుని జవాబులు సరిచూడకండి, తర్వాతి పరీక్షకు ఆమెకు తల తేలిగ్గా ఉండాలి. అనుకున్నన్ని మార్కులు రాకపోతే ఏం చేయవచ్చో, మళ్లీ రాసే వీలు ఎప్పుడుందో, వేరే కోర్సులేమున్నాయో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్న రోజున, ఆమె ముందే చెప్పుకోండి. దాంతో శ్రద్ధ తగ్గుతుందని మీరు భయపడవచ్చు. పడితే పట్టుకునేవాళ్లున్నారని తెలిసిన పిల్ల కాళ్లు వణక్కుండా నడుస్తుంది.

మీ దంపతుల సంగతికొస్తే, నిద్ర, భయం విషయంలో మీ ఆవిడ చూసింది నిజం. కేవలం వదిలేస్తే సర్దుకోదన్న మీ మాటా నిజం, అమ్మాయి చదివే పద్ధతి మారాల్సిందే. ఏది ఎవరు చెప్పాలో మీరిద్దరూ ముందు విడిగా తేల్చుకోండి, ఆమె ఎదుట వాదించుకోకండి. మొదటి సెలవు రోజున మీరే మొదలుపెట్టండి: ‘నాలుగున్నరకు లేపడం నా పొరపాటమ్మా. టైంటేబుల్ నువ్వే వేసుకో, నాకేం పని చెబుతావో చెప్పు.’ ఆమె నమ్మకపోవచ్చు, ‘ఏమీ లేదు’ అని ఊరుకోవచ్చు. అప్పుడు ఇరవై నిమిషాలూ లాగకండి, అయిదు నిమిషాలకే లేచిపోండి. వచ్చే వారం అదే వేళకు, అదే కుర్చీలో మళ్లీ కూర్చోండి.