పతకం తర్వాత పదహారేళ్లు

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

జాతీయ జూనియర్ పోటీల్లో 200 మీటర్లు గెలిచావని మీ నాన్న ఫోను చేశాడు. "ఇక ఒలింపిక్సే" అని కూడా అన్నాడు. చెప్తే వాడు వినడు కాబట్టి నీకే రాస్తున్నాను.

క్రిస్టియన్ మాల్కమ్ గురించి చదువు. వేల్స్ వాడు, కార్డిఫ్‌లో పుట్టాడు. 1998లో ఫ్రాన్స్‌లోని ఆన్సీలో ప్రపంచ జూనియర్ పోటీల్లో 100, 200 రెండూ గెలిచాడు. ఆ ఏడాదే కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో పెద్దవాళ్ల మధ్య పరుగెత్తి 200 మీటర్లలో రజతం తెచ్చుకున్నాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న కూడా ఒలింపిక్సే అనుకుని ఉంటాడు!

ఒలింపిక్స్‌కు వెళ్లాడు కూడా. 2000లో సిడ్నీ ఫైనల్లో 20.23 సెకన్లు, అయిదో స్థానం. కాంస్యం 20.20కి పోయింది. మరుసటి ఏడాది ఎడ్మంటన్ ప్రపంచ పోటీల్లో ఫైనల్‌కు ముందు రౌండులో 20.08 పరుగెత్తాడు. ఫైనల్లో అదే వేగం ఉంటే రజతం వచ్చేది. వచ్చింది మళ్లీ అయిదో స్థానమే. నువ్వు బాగా గమనించాల్సింది ఇక్కడే. రెండు రోజుల్లో మూడు నాలుగు సార్లు పరుగెత్తాలి. హీట్స్‌లో, అంటే తొలి రౌండ్లలో, వంపు దాటాక నీ స్థానం ఖాయమనిపిస్తే భుజాలు వదులు చెయ్యి, పక్క లేన్ వైపు చూడకు, గీత దాటేదాకా అడుగు మాత్రం తగ్గించకు. గడియారంతో పోటీ ఫైనల్‌కు దాచుకో. మీ కోచ్‌తో రౌండ్ల మధ్య ఏం తినాలో, ఎంతసేపు కాళ్లు చాపి పడుకోవాలో కూడా ముందే మాట్లాడు. ఇవి మనవాళ్లు ఆఖరి నిమిషంలో ఆలోచిస్తారు.

ఆ 20.08ని అతను మళ్లీ అందుకోలేదు. అయినా ఆగలేదు. 2008లో బీజింగ్‌లో ఏడోవాడిగా గీత దాటాడు. ముందున్న ఇద్దరిపై అనర్హత వేటు పడటంతో అయిదోవాడయ్యాడు. 2010లో బార్సిలోనా యూరోపియన్ పోటీల్లో 20.38తో రజతం, స్వర్ణం 20.37. అదే ఏడాది మన ఢిల్లీలో కామన్వెల్త్ కాంస్యం. ముప్ఫై ఒకటో ఏట! నాకు అతని పతకాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ ఇష్టం.

2014లో విరమించి శిక్షణ వైపు వెళ్లాడు, 2020లో బ్రిటన్ అథ్లెటిక్స్ ఒలింపిక్ ప్రధాన కోచ్ అయ్యాడు. నువ్వూ డిగ్రీ మానకు. శిబిరం పేరు చెప్పి పరీక్షలు వాయిదా వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది.

తొడ వెనక పట్టేస్తోందన్నావు కదా, ఈ వారమే ఫిజియోకి చూపించు. ఆయన సరేననేదాకా స్పైక్స్, అదే ఆ మేకుల బూట్లు, వేసుకోకు. ఏమన్నాడో నాకు రాయి.

మీ పెద్దనాన్న