మైకు మీ ఆయన చేతికి ఎలా వెళ్లింది?

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు చిన్న ఊరు. మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. మొదటి గ్రామసభలో కార్యదర్శి రాసిచ్చిన కాగితం చదువుతుంటే ‘పారిశుద్ధ్యం’ అన్న మాట దగ్గర గొంతు పట్టేసింది. మా ఆయన లేచి మైకు తీసుకుని ‘మా ఆవిడకు కొత్త’ అంటే అందరూ నవ్వారు. అప్పటినుంచి ప్రతి మీటింగులో ఆయనే మాట్లాడుతున్నాడు. ఎనిమిదేళ్లు మహిళా సంఘం లీడర్‌గా చేశాను, అక్కడ నాకే భయమూ లేదు. మొన్న మా పాప ‘అమ్మా, సర్పంచ్ నువ్వా, బాపువా?’ అని అడిగింది. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీకు మాట్లాడడం రాదని మీరు అనుకుంటున్నారు గానీ మీ ఉత్తరం అలా చెప్పడం లేదు. సంఘంలో వాయిదా కట్టని మనిషిని నొప్పించకుండా, అలాగని వదిలెయ్యకుండా, పదిమంది ముందు కట్టించడం కన్నా కష్టమైన ఉపన్యాసం ఏముంటుంది? అది ఎనిమిదేళ్లు చేశారు. గ్రామసభలో గొంతు పట్టేసింది ఎందుకంటే ఆ రోజు మీరు మాట్లాడలేదు, ఇంకొకరు రాసిన ఆఫీసు తెలుగు చదివారు. ‘పారిశుద్ధ్యం’ అని మీరు ఇంట్లో ఎప్పుడైనా అన్నారా? ‘మోరీలు తీయించినం, చెత్త ట్రాక్టర్ దినాం వస్తుంది’ అని ఉంటే ఎక్కడా ఆగేవారు కాదు. మన యాస మైకులో బాగుండదేమోనని మీకు అనిపించొచ్చు. వినేవాళ్లదీ అదే యాస కదా.

కాగితం గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. నేను మొదటిసారి ఒక కాలేజీలో మాట్లాడినప్పుడు ఒంటి కాగితం పట్టుకున్నాను, చేతులు వణికి ఆ కాగితం గరగరమంటుంటే అది మైకులోంచి హాలంతా వినిపించింది, ముందు వరుస పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. అప్పటినుంచి అట్ట ఉన్న నోట్‌బుక్కే పట్టుకుంటాను, వణికినా తెలియదు. అందులో మూడు మాటలే రాసుకోండి: నీళ్లు, లైట్లు, ట్రాక్టర్. వాక్యాలు రాసుకుంటే మళ్లీ చదవడంలోకే వెళ్లిపోతారు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి.

గుండె దడ, నోరు ఎండిపోవడం అందరికీ ఉండేవే. పదిమంది కళ్లు మన మీద పడగానే ఒళ్లు దాన్ని ప్రమాదం కింద లెక్కేసుకుంటుంది, అంతే. గాంధీగారు బొంబాయి చిన్న కోర్టులో మొదటి కేసుకు లేచి నిలబడి, తల తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. ఫీజు 30 రూపాయలు, కేసు ఇంకో వకీలుకు అప్పజెప్పమన్నారు. ఆయనకు పక్కనుంచి మైకు లాక్కునే మనిషి లేడు, అది ఆయన అదృష్టం! లేచే ముందు రెండు మూడుసార్లు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదాని కన్నా ఎక్కువసేపు వదలండి. గ్లాసు నీళ్లు దగ్గర పెట్టుకోండి. మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి, బాక్సుల వైపు తిప్పితే కీచుమంటుంది, దాంతో ఉన్న ధైర్యం కూడా పోతుంది.

మన సభల్లో ఇంకో పీడ ఉంది, వేదిక మీద పెద్దల పేర్ల జాబితా. ఒక వార్డు మెంబరు పేరు మర్చిపోతే ఆయన ఆర్నెల్లు అలుగుతాడు. ‘వేదిక మీదున్న వాళ్లకూ, ముందు కూసున్న మా ఊరోళ్లకూ నమస్కారం’ అని సరిపెట్టి నేరుగా విషయంలోకి రండి. జనం వినాలంటే వాళ్ల సంగతితోనే మొదలుపెట్టాలి. ‘నిన్న ఎస్సీ కాలనీల నల్లా రాలేదు, పొద్దుగాల పోయి చూసిన’ అంటే వేపచెట్టు కింద ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తుతారు. తర్వాత ఒక ప్రశ్న వేసి ఆగండి, నిజంగా ఆగండి, ఆ నిశ్శబ్దం మీకు ఎంత ఇబ్బందిగా ఉన్నా. ఎవరో ఒకరు జవాబిస్తారు, ఇక అది ఉపన్యాసం కాదు, మీ సంఘం మీటింగే. కుడివైపు ఒకరిని, ఎడమవైపు ఒకరిని, వెనక ఒకరిని, మీకు అయినవాళ్లను చూసిపెట్టుకుని వాళ్లతో మాట్లాడుతున్నట్టే మాట్లాడండి.

ఓడిపోయిన వర్గం వాళ్లు లేచి ఖర్చుల లెక్క అడుగుతారు, అడగాలి కూడా. లెక్కలు ముందురోజే కార్యదర్శి దగ్గర తీసుకోండి. తెలియనిది అడిగితే ‘నాకు తెల్వదు, రాసుకుంటున్న, వచ్చే సభల చెప్త’ అనండి. తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి కాబట్టి ఆ సభను ఆ జవాబుతోనే మొదలుపెట్టండి. ఇది రెండుసార్లు చేస్తే మీ మాటకు వచ్చే బరువు ఏ కోచింగూ ఇవ్వదు.

ఇక మీ ఆయన. ఆ రోజు ఆయన మిమ్మల్ని ఆదుకున్నాననే అనుకుని ఉంటాడు, ఆ తర్వాత మైకు రుచి తగిలింది. చట్టం ప్రకారం గ్రామసభకు అధ్యక్షత వహించాల్సింది సర్పంచ్, సర్పంచ్ లేకపోతే ఉపసర్పంచ్. సర్పంచ్ భర్త అనే పదవి అందులో లేదు. కానీ ఈ మాట సభలో అనొద్దు, అది మగవాడి పరువు పంచాయితీ అయిపోతుంది. సభకు నాలుగు రోజుల ముందు, అన్నాలయ్యాక, ఇంట్లో చెప్పండి: ‘నువ్వు ముందు వరుసల కూసో, నాకు ధైర్యం. నేను తడబడ్డా లేవకు.’ ఈ రెండో వాక్యమే అసలుది. మీరు ఆగిన ఆ నాలుగు సెకన్లు ఆయన ఓర్చుకోగలగాలి. ఒప్పుకోకపోతే అప్పుడు కార్యదర్శితో మాట్లాడండి, మైకు మీకే ఇవ్వమని ముందే చెప్పిపెట్టండి.

ఈలోపు బడిలో తల్లిదండ్రుల మీటింగులోనో, అంగన్‌వాడీలోనో రెండేసి నిమిషాలు మాట్లాడండి. ఇంట్లో నిలబడి, గట్టిగా, ఫోన్లో రికార్డు చేస్తూ చెప్పండి. వింటే ‘ఇది నా గొంతేనా’ అనిపిస్తుంది. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కాబట్టి రికార్డులో అందరికీ వేరేగానే ఉంటుంది, కంగారు పడకండి. సభ పేరెత్తితేనే వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు.

వచ్చే సభకు మీ పాపను తీసుకెళ్లి చిట్టచివరి వరుసలో కూర్చోబెట్టండి. ఇంటికొచ్చాక ‘బాగ మాట్లాడిన్నా’ అని అడగొద్దు. వెనక్కి వినిపించిందా, ఏ మాట దగ్గర జనం నవ్వారు, ఎక్కడ లేచి వెళ్లిపోయారు, ఈ మూడే అడగండి.