అమ్మీ టీవీ బంద్ చేసింది

ప్రశ్న: బీబీసీ కామెడీ ‘సిటిజన్ ఖాన్’ ఇంట్ల టీవీల పెట్టుకొని చూస్తున్నం, ఫుల్ మేకప్‌ల ఉన్న బిడ్డ నాయన రాంగనే గబగబ హిజాబ్ కప్పుకొని ఖురాన్ తెరిచి చదువుతున్నట్టు నటిస్తది, మా చెల్లె పడి పడి నవ్వింది, అమ్మీ టీవీ బంద్ చేసింది. ఎవరిది రైటు?
– ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ ఇంటి లొల్లే 2012ల బ్రిటన్ మొత్తం అయింది భాయ్. మొదటి ఎపిసోడ్‌కే వందల ఫిర్యాదులు, ఈ సీన్ మీద గూడ. ఇది తయారుచేసి ఆ నాయన ఖాన్ వేషం ఏసిన ఆదిల్ రే బర్మింగ్‌హామ్‌ల పుట్టిన ముస్లిమే, బయటోడు కాదు. బ్రిటన్‌ల టీవీల మీద ఫిర్యాదులు చూసే సంస్థ ఆఫ్‌కామ్ దర్యాప్తు అవసరం లేదన్నది, షో 2016 దాక నడిచింది.

నాకైతే ఖాన్ అంటే నవ్వే, పాత పసుప్పచ్చ మెర్సిడెస్ ఏసుకొని నేనే కమ్యూనిటీ లీడర్ అని తిరిగేటోడు మన లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సు కాడ గూడ నలుగురు దొరుకుతరు (పేర్లడగకుండ్రి). గని అమ్మీ కోపం ఆయన మీద కాదు, ఖురాన్‌ను జోక్‌ల వాడిండ్రనే, అది వేరే ముచ్చట. చెల్లెను కారు సీన్లు ఏరి పెట్టమను, అమ్మీ గూడ నవ్వుతదేమో.