మలకాల్ వెళ్తున్న శేఖర్‌కి

చి. శేఖర్‌కి బాబాయ్ ఆశీస్సులు.

దక్షిణ సూడాన్ శాంతిసేనకి నీ పేరు వచ్చిందని వదిన చెప్పింది. ఆవిడ టెన్షన్ పడుతోంది, ముందు ఫోన్ చెయ్యి, తర్వాత ఇది చదువు.

1942లో అమెరికా యుద్ధశాఖ, బ్రిటన్ వెళ్ళే తన సైనికులకి అక్కడ ఎలా మెలగాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. జీతం గురించి గొప్పలు పోవద్దు, అక్కడి సిపాయికి మీకంటే తక్కువ. రాజును ఏమీ అనొద్దు. వాళ్ళ యాసను వెక్కిరించొద్దు. అన్నిట్లోకీ నాకు నచ్చింది భోజనం మాట. ఎవరైనా ఇంటికి పిలిచి కడుపునిండా తినమన్నా చూసుకుని తిను, బల్లమీద పెట్టింది ఆ ఇంటి వారం రేషన్ కావచ్చు అంటుంది.

కాంగోలో, గోమాలో ఉన్నప్పుడు నేనిది చదవలేదురా. మా దుబాసీ ఇంట్లో బుగాలీ అనే పిండి ముద్ద, సోంబే ఆకుకూర, కోడికూర పెట్టారు. మారు వడ్డిస్తుంటే వద్దనడం మర్యాద కాదని మన అలవాటు కొద్దీ తింటూ పోయాను. బయటికొస్తే పెరట్లో పిల్లలు గిన్నె గీక్కుని తింటున్నారు. వాళ్ళ వంతు కూడా నేనే తినేశానని అప్పుడు అర్థమైంది. అలాగని పిలిస్తే వెళ్ళకుండా ఉండకు. రెండు ముద్దలు తిని, బాగుందని చెప్పి లే.

1944లో జర్మనీ వెళ్ళే బ్రిటిష్ సైనికులకి ఇచ్చిన పుస్తకం వేరు. అక్కడివాళ్ళని చూసి జాలితో కరిగిపోవద్దని అందులో హెచ్చరిక. వాళ్ళు వెళ్ళింది ఓడిపోయిన శత్రువు దేశానికి. నీకు ఆ పుస్తకం పనికిరాదు.

మలకాల్‌లో నీకు మాట కలిపేది ఆవులే. షిల్లుక్, నూయెర్, డింకా తెగల్లో ఎవరికైనా పశువే ఆస్తి, పెళ్ళికి కన్యాశుల్కం కూడా ఎక్కువగా ఆవుల్లోనే. అక్కడ మనవాళ్ళ పశువైద్యులు కూడా పనిచేశారు. పాడి మధ్య పెరిగినవాడివి, ఆవు బాగోగులు అడుగు, గంటసేపు కబుర్లు చెబుతారు. కానీ ఎవర్నీ 'నీదే తెగ' అని అడక్కు. 2013 డిసెంబరులో మొదలైన అంతర్యుద్ధంలో తెగ చూసి మనుషుల్ని చంపారు.

ఐక్యరాజ్యసమితి వాళ్ళ పది నియమాలు నీకూ చెబుతారు. డబ్బో తిండో ఉద్యోగమో ఎరచూపి ఆడవాళ్ళ జోలికి వెళ్ళడం గురించి అందులో ఉన్నదానికి నేను కలిపేదేమీ లేదు. ఆ నియమం మీరితే నా గుమ్మం తొక్కకు.

చేరగానే నీ ఫొటో పంపు. ఊళ్ళో వాళ్ళవి మాత్రం అడక్కుండా తియ్యకు.

మీ బాబాయ్