సర్కారు దవాఖానల్లో ఇన్‌ఫెక్షన్లు తగ్గాలంటే ముందు నల్లా బాగుచేయండి

సర్కారు దవాఖానకు వచ్చిన పేషెంట్లకు అక్కడే కొత్త ఇన్‌ఫెక్షన్ అంటకుండా ఏం చేయాలని అడిగారు. నేను డాక్టర్ని కాదు, మా చెల్లె సిజేరియన్‌కు తోడుగా వార్డులో పడుకున్నదాన్ని. నా జవాబు ఒక్కటే. నల్లా తిప్పితే నీళ్లు రావాలి, సింకులో పోస్తే పోవాలి. మిగతావన్నీ తర్వాత.

మా నల్లగొండ దిక్కే ఒక దవాఖాన. పొద్దున డ్రెస్సింగ్ టైంకి సిస్టర్ ట్రాలీ తోసుకుంటూ వచ్చి, మొదటి మంచం దగ్గర వేసుకున్న గ్లౌజులతోనే వరసగా అందరి కుట్లు తుడుచుకుంటూ వస్తోంది. ఒకామెకు కుట్ల దగ్గర చీము పట్టింది, వాసన కూడా వస్తోంది. ఆమెది అయ్యి సిస్టర్ ఇటు తిరగంగనే, మా పక్క మంచం బాలింత అత్త, దేవరకొండ నుంచి వచ్చిన ముసలామె, చెయ్యి అడ్డం పెట్టింది. "బిడ్డా, గా తొడుగులు ఇడిసి వేరేవి ఏసుకో. ఆమె చీము తెచ్చి నా కోడలికి అంటిస్తవా?" వార్డంతా గప్‌చుప్. సిస్టర్‌కు కోపం వచ్చినట్టే ఉంది గానీ, గ్లౌజులు తీసేసి సింకు దగ్గరికి పోయింది. అందులో అన్నం మెతుకులు, టీ పొడి, నిలబడ్డ నీళ్లు. తోడుగా వచ్చినవాళ్లు టిఫిన్ బాక్సులన్నీ అందులోనే కడుగుతారు మరి. "సింకు బాగుచేయమని ఇండెంట్ రాసి పెట్టి ఎన్ని రోజులైందో అవ్వా, ఎవరొస్తరు?" అనుకుంటూ డ్యూటీ రూము దాకా నడిచి కడుక్కొచ్చింది.

లెక్క వేయండి. చేతులు సరిగ్గా కడగాలంటే సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 30 మంచాలుంటే సబ్బుతో దాదాపు అరగంట, సింకు వార్డు బయట ఉంటే ఆ నడక అదనం. ఉన్నది ఒక్క సిస్టర్, ఆమెను తిట్టి లాభం లేదు. మంచానికో శానిటైజర్ సీసా తగిలిస్తే సగం టైం మిగులుతుంది. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల చావులు తగ్గుతాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లోనే చూపించాడు, మనం ఇంకా ఇండెంట్ దగ్గరే ఉన్నాం.

ఇక కాయకల్ప్ అని 2015 నుంచి శుభ్రతకు అవార్డులున్నాయి, మంచిదే, కానీ తనిఖీ ఉందంటేనే ఫినాయిల్ వాసన వస్తుంది. చీము దూది పడాల్సిన పసుపు డబ్బాలో అరటి తొక్కలుంటాయి, ఏ డబ్బాలో ఏం వేయాలో చెప్పే పోస్టరేమో ఇంగ్లిష్‌లో. 2022లో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తర్వాత నలుగురు ఆడవాళ్లు చనిపోతే అందరూ ఆపరేషన్ సామాన్లను క్రిములు లేకుండా చేసే స్టెరిలైజేషన్ గురించి మాట్లాడారు. ఎన్నాళ్లు?

మనవాళ్లు తక్కువేం కాదు. పిల్లను చూడ్డానికి పదిమంది వచ్చి బాలింత మంచం మీదే కూర్చుంటారు, వాచ్‌మన్ ఆపితే ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తామంటారు. ప్రైవేటులో అదే మనుషులు చెప్పులు విప్పి బయట నిలబడతారు!

చిన్న రిపేర్లకు ప్లంబర్‌ను పిలిపించే అధికారం, కొంత డబ్బు హెడ్ నర్సు చేతిలోనే పెట్టండి. బాక్సులు కడగడానికి బయట వేరే తొట్టి కట్టించండి, లేదంటే బాగుచేసిన సింకు కూడా వారంలో మళ్లీ అన్నంతో నిండుతుంది.